ట్రిగ్గర్ తేలికైతే గురి కుదురుతుందా?

గోదావరి ఒడ్డున సమ్మక్క జాతర జరిగితే, బెలూన్ల అంగడి ముందు నిలబడి ఎయిర్‌గన్ పేల్చని పిల్లలు మంచిర్యాల, శ్రీరాంపూర్, గోదావరిఖని పక్క తక్కువే. ఆ తుపాకి ట్రిగ్గర్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. నొక్కితే కదలదు. ఇంకాస్త నొక్కితే గీరుకుంటూ కొంచెం కదిలి మళ్లీ ఆగుతుంది. విసుగొచ్చి వేలంతా బిగించి లాగేసరికి గొట్టం పక్కకు తిరిగిపోతుంది. ఎర్ర బెలూన్‌కు గురి పెడితే పక్కనున్న పచ్చది పగులుతుంది. గొట్టం వంకర చేసి పెట్టాడని అంగడాయన్ను తిట్టుకుంటాం. పాపం, సగం తప్పు ట్రిగ్గర్‌ది.

ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టిన కుర్రాళ్లు కొన్నాళ్లకే "అన్నా, తక్కువలో మంచి ట్రిగ్గర్ ఏదైనా ఉందా?" అని అడుగుతారు. మంచి ట్రిగ్గర్ అంటే వాళ్ల మనసులో తేలిక ట్రిగ్గర్ అని అర్థం. అక్కడే లెక్క తప్పుతుంది.

లోపల జరిగేది చూద్దాం. బెలూన్ తుపాకిలో గొట్టం విరిచి వంచితే పెద్ద స్ప్రింగ్ ముడుచుకుంటుంది. దాన్ని అలా పట్టి ఉంచేది సియర్ అనే చిన్న ఉక్కు కొక్కెం. స్ప్రింగ్ యాభై కిలోల బలంతో కొక్కేన్ని తోస్తోందనుకుందాం. నూనె రాసిన ఉక్కు మీద ఉక్కు జరగాలంటే అందులో సుమారు పదో వంతు, అంటే అయిదు కిలోల బలం కావాలి. ట్రిగ్గర్ మీట నిష్పత్తి రెండింతలు ఉంటే వేలికి రెండున్నర కిలోలు తగులుతుంది. పైగా ఆగి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన ఘర్షణ బలం, కదులుతున్న దాన్ని కదిలిస్తూ ఉండటానికి కావలసిన దానికంటే ఎక్కువ. అందుకే అది ఆగి, జారి, మళ్లీ ఆగుతుంది. వేలికి తెలిసే ఆ గీర ఇదే.

పోటీ రైఫిల్‌లో పద్ధతే వేరు. గాలి ముందే సిలిండర్‌లో ఒత్తి ఉంటుంది. సియర్ పట్టుకోవలసింది వాల్వును తట్టే చిన్న సుత్తిని మాత్రమే. మోయాల్సిన బరువే తక్కువ కాబట్టి ట్రిగ్గర్ వంద గ్రాముల దగ్గరికి దిగినా ప్రమాదం లేదు. స్ప్రింగ్ తుపాకిలో ఆ తేలిక రావాలంటే మధ్యలో ఇంకో రెండు మీటలు చేర్చి బలాన్ని మెట్లు మెట్లుగా తగ్గించాలి. డబ్బు పెట్టి కొనేది ఆ మీటల అమరికనే గాని, మెరుగు పెట్టిన ఇనుప ముక్కను కాదు. అంగడి తుపాకికి ఖరీదైన ట్రిగ్గర్ బిగించి మార్పు రాలేదని బాధపడటం ఇందుకే దండగ.

ఇంత చిన్న కదలికకు అంత విలువేమిటంటారా? పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు. లక్ష్యం మీద ఒక మిల్లీమీటరు తప్పిందంటే, ముప్పావు మీటరు పొడవున్న తుపాకి మూతి కదిలింది 0.075 మిల్లీమీటరే. వెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిచాడు. రజతం గెలిచిన ఇటలీ షూటర్ స్కోరు 701.5. లక్ష్యం మీద 0.1 పాయింటు అంటే 0.25 మిల్లీమీటరు. ఆ 0.4 తేడా కొలిస్తే ఒక్క మిల్లీమీటరు.

అయినా తేలికే సర్వస్వమైతే పిస్టల్ వాళ్ల సంగతేమిటి? అంతర్జాతీయ నియమాల ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ 500 గ్రాములకు, 25 మీటర్ల పిస్టల్ ట్రిగ్గర్ 1000 గ్రాములకు తగ్గకూడదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చింది ఆ కిలో బరువు ట్రిగ్గర్‌తోనే. ఆ పోటీ రెండో భాగంలో లక్ష్యం మూడు సెకన్లే కనిపిస్తుంది. ఆ మూడు సెకన్లలోనే చెయ్యెత్తి, గురి కుదుర్చుకుని, నొక్కాలి. అప్పుడు వేలికి కావలసింది తేలిక కాదు, ప్రతిసారీ అదే చోట, అదే బరువు దగ్గర తెగడం. మొదటి మెట్టు మెత్తగా వచ్చి ఒకచోట ఆగాలి. అక్కడినుంచి ఒక్క పిసరు నొక్కితే గీర లేకుండా తెగాలి. తెగాక ట్రిగ్గర్ వెనక్కి పరుగెత్తకుండా ఒక అడ్డు ఉండాలి. లేకపోతే ఎదురు లేకుండా పోయిన వేలు ఒక్కసారి వెనక్కి దూకి తుపాకిని కుదుపుతుంది. ట్రిగ్గర్ కొనేవాళ్లు చూడవలసినవి నా ఉద్దేశంలో ఈ మూడే. బరువు ఆ తర్వాత.

ఈషా వాడేది సెమీ ఆటోమేటిక్. అందులో ఇంకో చిన్న భాగం ఉంటుంది. ఒక తూటా పేలి బోల్టు వెనక్కి వెళ్లి వచ్చేలోపు వేలు ఇంకా నొక్కే ఉంటుంది కదా, అప్పుడు సుత్తి మళ్లీ పడకుండా ఆ భాగం చూసుకుంటుంది. వేలు వదిలితేనే మళ్లీ పేల్చనిస్తుంది. అమెరికాలో ఏఆర్-15 రైఫిళ్లకు విడిగా ట్రిగ్గర్లు అమ్మే వ్యాపారమంతా ఈ భాగాల పొందిక చుట్టూ తిరుగుతుంది. సైనిక నమూనా ట్రిగ్గర్ రెండున్నర కిలోల పైనే ఉంటుంది. కింద పడినా పేలకూడదు, బురదలో తడిసినా పనిచేయాలి అన్నది దాని లెక్క. అక్కడి సర్వీస్ రైఫిల్ పోటీల్లో కూడా 4.5 పౌండ్లకు, అంటే రెండు కిలోలకు తగ్గనివ్వరు. అలా తగ్గకుండానే గీర లేని రెండు మెట్ల ట్రిగ్గర్ వేసుకుని అక్కడివాళ్లు పతకాలు కొడుతున్నారు. మన దగ్గర పెద్ద తూటాల సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మామూలు పౌరులకు దొరికేది కాదు. లైసెన్సు తుపాకి ఏదైనా సరే, మరమ్మతు చేసేవాళ్లకు కూడా ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. 4.5 మిల్లీమీటర్ల లోపు గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు మాత్రం లైసెన్సు అక్కర్లేదు.

అంతమాత్రాన ఇంట్లో ఆకురాయి పట్టుకుని కూర్చోవద్దు. సియర్‌కు గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. రాస్తే నునుపు వచ్చినట్టే ఉంటుంది గాని, లోపలి మెత్తని ఉక్కు బయటపడి నెల తిరక్కుండా అంచు గుండ్రబడుతుంది. ఆపైన తుపాకి గోడకు తగిలినా పేలుతుంది. బొగ్గు బాయిలో పనిచేసినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ మందు పేల్చే ఎక్స్‌ప్లోడర్ యంత్రం హ్యాండిల్ ఊడి వచ్చేలా చేసి, అది పేల్చే బాధ్యత ఉన్న షాట్‌ఫైరర్ చేతిలోనే ఉండాలన్న నియమం పెట్టింది ఇందుకే. చేతిబలం కొంచెం, విడుదలయ్యే శక్తి బోలెడు.

శ్రీరాంపూర్ నుంచి హైదరాబాద్ గచ్చిబౌలి షూటింగ్ రేంజికి ఇంచుమించు 250 కిలోమీటర్లు. వారం వారం వెళ్లలేరు. ఖాళీగా నొక్కే సౌకర్యం ఉన్న పోటీ రైఫిలైతే ఇంట్లో గోడ మీద చుక్క పెట్టుకుని సాధన చేయొచ్చు. స్ప్రింగ్ తుపాకిని మాత్రం ఖాళీగా పేల్చకూడదు, పిస్టన్ వెళ్లి ముందు గోడకు కొట్టుకుని పాడవుతుంది.

కొత్త ట్రిగ్గర్‌కు డబ్బు తీసేముందు పాతదాన్ని కొలవండి. పోటీల్లో అధికారులు గొట్టం నిటారుగా నిలబెట్టి, ట్రిగ్గర్‌కు బరువు తగిలించి మెల్లగా పైకి లేపుతారు. ట్రిగ్గర్ తెగకుండా బరువు లేస్తేనే పాస్. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకున్నాక, ఖాళీగా నొక్కే సౌకర్యం ఉన్న తుపాకైతే దాన్ని ఆ స్థితిలో ఉంచి, నీళ్ల సీసాతో మీరూ చూడొచ్చు. అర లీటరు నీళ్లంటే అర కిలో. నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ ఎక్కడ తెగుతుందో రాసుకోండి. పదిసార్లూ ఇంచుమించు ఒకే దగ్గర తెగితే ఆ ట్రిగ్గర్ బరువైనా మంచిదే, దానితోనే సాగండి. ఒకసారి నాలుగు వందల గ్రాములకు, ఇంకోసారి ఏడు వందలకు తెగుతోందంటే ముందు శుభ్రం చేయించండి. అప్పటికీ కుదరకపోతే అప్పుడు కొనండి.