మీకు తెలుసా? పారాసెక్ట్ వీపు మీది పుట్టగొడుగు పూర్తిగా కల్పన కాదు

1996లో జపాన్‌లో వచ్చిన తొలి పోకెమాన్ ఆటల్లోనే పారాసెక్ట్ ఉంది. వీపున పెద్ద పుట్టగొడుగు, దాని కింద తెల్లబడిన కళ్లతో ఓ పురుగు. పెత్తనమంతా పుట్టగొడుగుదేనని ఆట చెబుతుంది. వినడానికి విడ్డూరమే గానీ, జీవశాస్త్రం దీన్ని కొట్టిపారేయదు. ఉష్ణమండల అడవుల్లో ఓఫియోకార్డిసెప్స్ అనే శిలీంధ్రం సోకిన చీమ గూడు విడిచిపోయి, ఏ ఆకు ఈనెనో కరిచిపట్టుకుని చస్తుంది. తర్వాత దాని ఒంట్లోంచి శిలీంధ్రపు కాడ మొలుస్తుంది.

చీమ చచ్చిపోతోంది కదా, పారాసెక్ట్ ఎలా తిరుగుతోందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ అమెరికాలో మసోస్పోరా అనే శిలీంధ్రం సోకిన సికాడాలనే పురుగులు, పొట్ట చివరి భాగం ఊడిపోయాక కూడా ఎగురుతూ సిద్ధబీజాలు వెదజల్లుతాయి. ఇక పారాసెక్ట్ తొలి దశలోని జీవికి పుట్టుకతోనే ఒంటిమీద సిద్ధబీజాలుంటాయన్న ఆట మాట మరీ అతిగా తోస్తుంది. అదీ అసాధ్యమేమీ కాదు. జపాన్‌లోని కొన్ని సికాడా జాతుల్లో ఓఫియోకార్డిసెప్స్ వంశపు శిలీంధ్రమే పోషకాలు తయారుచేస్తూ, తల్లి నుంచి గుడ్లలోకి చేరుతోందని 2018లో పరిశోధకులు వెల్లడించారు. అంటే ఒకప్పుడు పురుగును చంపిన వంశమే తరతరాల పరిణామంలో దాన్ని పోషించేదిగా మారింది. పారాసెక్ట్ పుట్టగొడుగు మాత్రం ఇంకా యజమానిగానే ఉంది.