పొట్టికాలు, వెన్ను వంపు

మనిషి నిలబడినప్పుడు వెన్నెముకకు ఆధారపీఠం కటివలయం. ఆ పీఠం రెండు తుంటికీళ్ల మీద నిలుస్తుంది కనుక, ఒక కాలు పొట్టిదైతే కటివలయం ఆ పక్కకు వాలి, దాని వెనుక భాగంలో బిగిసి ఉన్న త్రికాస్థి, అంటే వెన్ను అడుగున ఉండే ముక్కోణపు ఎముక, కూడా అటే ఒరుగుతుంది. వెన్ను ఆ వాలులోనే పైకి సాగితే మొండెమంతా పొట్టికాలి వైపు ఒరిగిపోవలసి వస్తుంది. తలను కటివలయానికి నడిమధ్యన నిలిపి ఉంచడానికి శరీరం ప్రయత్నిస్తుంది కాబట్టి, నడుము పూసలు రెండో పక్కకు మళ్లి, పొట్టికాలి వైపు ఉబ్బుగా కనిపించే వంపు ఏర్పడుతుంది.

ఈ వంపును స్కోలియోసిస్ అనే వెన్నువ్యాధిగా పొరబడకుండా ఉండడం చాలా ముఖ్యం. ఆ వ్యాధిలో పూసలు పక్కకు వంగడమే కాక తమ అక్షం చుట్టూ మెలితిరుగుతాయి, అందువల్ల రోగి ముందుకు వంగినప్పుడు వీపున ఒక పక్క పక్కటెముకలు ఎత్తుగా లేస్తాయి. పొట్టికాలు తెచ్చిన వంపులో అటువంటి స్థిరమైన మెలిక సాధారణంగా ఉండదు, పైగా బల్లమీద కూర్చోగానే బరువు కాళ్లను వదిలి పిరుదుల ఎముకల మీదికి చేరి, వంపు సర్దుకుంటుంది. ఇంత తేలికైన పరీక్షను విస్మరించి వెన్నుకే చికిత్స మొదలుపెట్టడం విచారకరం.

కాళ్ల మధ్య కొద్ది మిల్లీమీటర్ల తేడా చాలామందిలో సహజంగానే ఉంటుంది. అంత స్వల్పమైన తేడా నడుమునొప్పికి కారణమవుతుందా అన్న విషయంలో వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. తేడా పెద్దదైతే మాత్రం పూసల మధ్య మెత్తలుగా ఉండే డిస్కుల మీద, వంపు లోపలి అంచున, అంటే పొడుగుకాలి వైపున, ఒత్తిడి ఎక్కువవుతుంది. పోలియో, బాల్యంలో ఎముక చివరి పెరుగుదల పొర దెబ్బతినడం వంటివి అటువంటి తేడాకు కారణాలు. కాలి పెరుగుదలలో దాదాపు మూడింట రెండు వంతులు మోకాలి చుట్టూ ఉన్న పొరల నుంచే వస్తుంది కనుక అక్కడి గాయాలను పిల్లల్లో ఎంతమాత్రం ఉపేక్షించరాదు.

తేడాను కొలవడానికి పొట్టికాలి కింద తెలిసిన మందం గల పలకలను ఒక్కొక్కటే పేర్చి, కటివలయపు రెండు పక్కలూ సమానమయ్యేవరకు చూస్తారు. 2 సెంటీమీటర్ల లోపు తేడాకు సాధారణంగా చికిత్స అవసరం లేదు, ఇబ్బంది ఉంటే చెప్పులో మడమ కింద అట్ట పెడితే చాలు. 5 సెంటీమీటర్లు దాటితే సోవియట్ వైద్యుడు ఇలిజారోవ్ రూపొందించిన పద్ధతిలో, ఎముకను కోసి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున ఎడం పెంచుతూ, ఆ ఖాళీలో కొత్త ఎముక పెరిగేలా చేయవచ్చు. పెద్దవయసులో నడుము వంపు బిగుసుకుపోయి ఉండవచ్చు కాబట్టి, తేడా మొత్తాన్ని ఒకేసారి పూడ్చితే నొప్పి పెరిగే అవకాశం ఉన్నందున, అట్ట మందాన్ని వారాల వ్యవధిలో కొద్దికొద్దిగా పెంచి, తరచు అసలు తేడా కన్నా తక్కువ వద్దనే ఆపుతారు.