మీకు తెలుసా? ఆ కాల్షియం ఎముకలది కాదు!

• ఎముక అంటే ఒట్టి సున్నం కాదు. దాని ఘనపరిమాణంలో దాదాపు సగం ప్రోటీనే, అందులోనూ ఎక్కువ భాగం కొలాజెన్. నమ్మకం లేకపోతే, శుభ్రంగా కడిగిన కోడి కాలి ఎముకను కొన్నాళ్లు వెనిగర్‌లో నానేసి చూడండి. ఖనిజం కరిగిపోతుంది, మిగిలిన ఎముక రబ్బరులా వంగుతుంది. ఆ వంగేదే ప్రోటీన్.

• మాంసకృత్తులు ఎక్కువైతే ఎముకలు గుల్లబారతాయన్న భయం పాతదే. మాంసాహారం వల్ల పుట్టే ఆమ్లానికి విరుగుడుగా ఒంట్లోని ఎముకే కరుగుతుందని 1968లో ‘లాన్సెట్’ పత్రికలో వాక్‌మన్, బెర్న్‌స్టైన్ వాదించారు. ప్రోటీన్ పెంచితే మూత్రంలో కాల్షియం పెరగడం కూడా నిజమే. దాంతో దొంగ దొరికాడనే అనుకున్నారు.

• మరి ఆ కాల్షియం వచ్చింది ఎక్కడి నుంచి? అమెరికాలో జేన్ కెర్‌స్టెటర్ బృందం గుర్తించడానికి వీలైన కాల్షియం ఐసోటోపులను 13 మంది స్త్రీలకు ఇచ్చి, దాని జాడ పట్టింది. ఫలితాలు 2005లో వచ్చాయి. కిలో బరువుకు 1 గ్రాము ప్రోటీన్ తిన్నప్పుడు ఆహారంలోని కాల్షియంలో 18.5 శాతం చిన్న పేగుల్లోంచి ఒంటికి పట్టింది. 2.1 గ్రాములు తిన్నప్పుడు 26 శాతం! మూత్రంలో అదనంగా కనిపించింది చాలావరకు కంచంలోంచి వచ్చినదే. పాపం, అన్నేళ్లూ ప్రోటీన్ నింద మోసింది.

• తుంటి ఎముక విరిగిన వృద్ధులకు జెనీవాలో ఆరు నెలలపాటు రోజుకు 20 గ్రాముల ప్రోటీన్ అదనంగా ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్ల తుంటి దగ్గర ఎముక తరుగుదల, ఇవ్వనివాళ్లతో పోలిస్తే సుమారు సగమే. ఈ అధ్యయనం 1998లో వెలువడింది.

• హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే! రాత్రికి రెండు ఇడ్లీలు చాలనే బామ్మలకు ఆ లెక్క ఎలా పూర్తవుతుంది? కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే లెక్క.

• ప్రోటీన్ ఉన్నా, పట్టడానికి కాల్షియం ఉండాలి కదా. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలకూర పప్పు తిన్న రోజు పప్పు నుంచి ప్రోటీన్ వస్తుంది గానీ, ఆకులోని కాల్షియాన్ని ఆక్సలేట్లు చాలావరకు బంధించేస్తాయి. ఆ పూట కాల్షియం చివర్లో కలుపుకునే పెరుగన్నంలోంచే రావాలి.