గుర్రం మీద బరువు ఎటు ఉంది?

జట్కా ఎక్కిన తరం వాళ్లకు "కాస్త ముందుకు జరగండి బాబూ!" అన్న కేక గుర్తుండే ఉంటుంది. వెనక బరువెక్కువైతే బండి కర్రలు పైకి లేచి గుర్రం పొట్ట కింది పట్టీని లాగుతాయి. ముందు ఎక్కువైతే వీపు మీద నొక్కుతాయి. జట్కావాడు ఏ బడిలోనూ చదవని లెక్క ఇది. స్వారీలోనూ ఇదే లెక్క, కాకపోతే అక్కడ బరువు క్షణం కూడా కుదురుగా ఉండదు.

నిలబడ్డ గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. భుజాన్ని రొమ్ముతో కలిపే ఎముక మనకున్నట్టు దానికి లేదు. మొండెం రెండు ముందుకాళ్ల మధ్య కండరాల ఊయలలో వేలాడుతుంది. అలాంటి వీపు మీద మనిషి ఎగిరెగిరి పడుతూ కూర్చుంటే గుర్రం నడుము కిందికి వంచి, తల పైకెత్తి, అడుగు కురచ చేసుకుంటుంది. పడిపోతానన్న భయంతో కళ్లెం పట్టుకు వేలాడితే నోరు కూడా నొప్పి.

మా అమ్మాయి బెంగళూరులో స్వారీ నేర్చుకునేటప్పుడు ఒక ముసలి గుర్రం ఉండేది. కుడివైపు చుట్టు తిప్పినప్పుడల్లా ఎడమకు, కంచె వైపుకు జరిగిపోయేది. మొండిదన్నారు, కొరడా చాలదన్నారు. అమ్మేద్దామన్న మాట కూడా వచ్చింది. దాన్ని ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో అడగడానికే మా అమ్మాయికి భయం. అశ్వికదళంలో పనిచేసి రిటైరైన మాస్టారు మాత్రం గుర్రాన్ని వదిలేసి, వెనక నిలబడి జీనును చూశారు. జీను ఎడమకు ఒరిగి ఉంది. పిల్ల ఏళ్ల తరబడి ఒకే భుజాన పుస్తకాల సంచీ మోసి, ఒక పక్కకు వంగి కూర్చుంటోంది. బరువు ఎటు ఒరిగితే గుర్రం దాని కిందికే అడుగు వేస్తుంది, నెత్తిన బిందె ఒరిగితే మనం అటు జరగమూ, అలాగే! మూడు వారాలు రికాబులు తీసేసి, పొడవాటి తాడు మీద గుండ్రంగా తిప్పించారు. గుర్రం పూర్తిగా మారలేదు గానీ కంచె వైపు పోవడం బాగా తగ్గింది. అమ్మే మాట మళ్లీ రాలేదు.

బ్యాంకులో బాలెన్సు రాత్రికి తేలితే చాలు. ఇక్కడ ప్రతి అడుగుకూ తేలాలి.

పందేల్లో దీనికి పెద్ద రుజువే ఉంది. వెనకటి జాకీలు నిటారుగా కూర్చునేవారు. రికాబులు కురచచేసి, ముందుకు వంగి, పిరుదులు జీనుకు తగలకుండా స్వారీ చేసే పద్ధతిని అమెరికా జాకీ టాడ్ స్లోన్ 1897లో ఇంగ్లండులో చూపితే మొదట నవ్వారు. ఆ పద్ధతి పాకిన కాలంలోనే, 1900కు అటూఇటూగా, పందెం సమయాలు 5 నుంచి 7 శాతం మెరుగుపడ్డాయని 2009లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. జాకీ బరువేమీ తగ్గలేదు. మోకాళ్లు స్ప్రింగుల్లా పనిచేయడంతో, గుర్రం పైకీ కిందికీ ఊగినా అతని ఒళ్లు దాదాపు ఒకే ఎత్తున సాగుతుంది. అతణ్ణి ప్రతి అంగకూ ఎగరేసి దించే చాకిరీ గుర్రానికి తప్పుతుంది. ఆ చాకిరీ జాకీ కాళ్లకు బదిలీ అయిందన్నమాట!

ఈసారి మైసూరు దసరాకు వెళ్తే, జంబూ సవారీలో గుర్రపు పోలీసులు సాగుతున్నప్పుడు తలపాగాలతో ఆగిపోకుండా నడుముల కేసి చూడండి. ఎదురుగా కంటే వెనకనుంచి చూస్తే బాగా తెలుస్తుంది.