ఆసుపత్రి గడప దగ్గర న్యాయం



లైంగిక దాడి గురించి మన సావనీరులో రాయాలా అని కొందరు పెద్దలు అనుకోవచ్చు. పెద్దలమైన మనమే మాట్లాడడానికి జంకితే, సాయం అడగవలసిన ఆడపిల్ల నోరు అసలే తెరవదు. ఈలోగా గంటలు గడిచిపోతాయి. ఈ విషయంలో గంటలే ముఖ్యం.

హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా ఎంత త్వరగా వేస్తే అంత మేలు. ఇక ఇళ్లలో జరిగేదేమిటంటే, తల్లులు ముందు గుస్ల్ చేయించి, బట్టలు ఉతికేస్తారు. ప్రేమతో చేసినా దానితో ఆధారాలు పోతాయి. ఆ బట్టలను ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టి తీసుకెళ్లాలి. స్నానం అయిపోయినా సరే, ఆసుపత్రికి వెళ్లడం మానకూడదు. చికిత్స అవసరం అలాగే ఉంటుంది.

2013 చట్ట సవరణ తర్వాత ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఇలాంటి బాధితులకు వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ఇప్పుడు ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్‌లో ఉంది. నిరాకరించినవారికి ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పోలీసులకు తెలియజేయడం ఆసుపత్రి బాధ్యత. కానీ "ముందు పోలీసు కాగితం తెండి" అని బాధితురాలిని తిప్పి పంపకూడదు. కేసు వద్దని ఆమె అన్నా చికిత్స ఆపకూడదు.

పరీక్ష చేసేది డాక్టరే అయినా, పక్కన ఉండి ధైర్యం చెప్పేది ఎక్కువగా నర్సమ్మే. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పరీక్షకు ముందు ప్రతి విషయం అర్థమయ్యే భాషలో చెప్పి అనుమతి తీసుకోవాలి. ఆమె ఏ దశలోనైనా వద్దనవచ్చు. ఆడపిల్లల విషయంలో పోక్సో చట్టం ప్రకారం మహిళా డాక్టరే పరీక్షించాలి, తల్లిదండ్రులో నమ్మకస్తులో దగ్గర ఉండాలి. నడవడికను అంచనా కట్టే 'రెండు వేళ్ల పరీక్ష'ను సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టింది. 2022లో, అది చేసినవారు దుష్ప్రవర్తనకు దోషులవుతారని చెప్పింది.

నడవడిక పేరుతో బాధితురాలినే బోనెక్కించడం మన నగరానికి కొత్త కాదు. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురైన పేద ముస్లిం మహిళకు అదే జరిగింది. బురఖా వేసుకున్నా, వేసుకోకపోయినా, ఉర్దూ మాత్రమే వచ్చినా, కూలికి వెళ్లేదైనా, పెళ్లయినదైనా అందరికీ ఒకే వైద్యం, ఒకే మర్యాద అందాలి. అద్ల్ అంటే మనకు తెలిసిన అర్థం అదే కదా.

మరి మనం చేయగలిగిందేమిటి? ఆధారం కోసం బట్టలు తీసుకుంటారు గనుక, ఆమెకు మార్చుకోవడానికి ఒక జత, దుపట్టా సిద్ధంగా ఉండాలి. ఆటో ఖర్చు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఉర్దూ, తెలుగు రెండూ వచ్చి, విన్నదాన్ని అమానత్‌గా దాచుకునే ఒక అక్క తోడు వెళ్లాలి. మీ సదఖాలో కొంత ఇలాంటి పనికి కేటాయించమని కోరుతున్నాం.

జిల్లాల్లోని సఖి కేంద్రాలు, తెలంగాణలోని భరోసా కేంద్రాలు వైద్యం, న్యాయ సలహా అందేలా చూస్తాయి. మహిళలకు 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112. ఈ మూడు నంబర్లు మీ ఇంట్లో ఆడపిల్లలకు ఈరోజే చెప్పండి. ఏమి జరిగినా తప్పు వాళ్లది కాదని కూడా చెప్పండి.

అల్లాహ్ మన పిల్లలందరినీ కాపాడుగాక. ఆమీన్.