రాయి లేని సీమ కింద రికార్డులు

గుడివాడ నుంచి బందరు, అక్కణ్ణుంచి అవనిగడ్డ మీదుగా హంసలదీవి దాకా వెళ్లండి, ఒక్క కొండ కనిపించదు. రోడ్డు వేయాలంటే కంకర లారీలు విజయవాడ వైపు కొండల నుంచి రావాల్సిందే. ఎటు చూసినా నల్లమట్టి, వరి మడి, చేపల చెరువు. అయినా భూగోళపు పెద్ద రికార్డుల్లో కొన్ని ఈ మట్టి కిందా, ఈ తీరానికి ఎదురుగానూ ఉన్నాయి.

పాతాళం ఎంత దూరం?

భూమి కేంద్రం మన కాళ్ల కింద 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. మనిషి దింపిన అతి లోతైన బోరు రష్యాలోని కోలాది. 1970లో మొదలుపెడితే 1989కి 12,262 మీటర్లు చేరింది. అడుగున 180 డిగ్రీల వేడి తగలడంతో పని ఆగింది. దాదాపు బందరు నుంచి మంగినపూడి బీచ్‌కి వెళ్లేంత దూరమన్నమాట! ఖండాల కింద భూపటలం మందమే సగటున 35-40 కిలోమీటర్లు. దాని కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా మాంటిల్, ఇంకా కిందకి కరిగిన ఇనుము, నట్టనడుమ గట్టి ఇనుప గోళం. ఆ గోళం ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ తేల్చారు. అడుగు మట్టి తవ్వకుండా, భూకంప తరంగాల జాడ చదివి.

గుడివాడ పేరున ఒక లోయ

పైన బల్లపరుపుగా ఉన్నా కింద అలా లేదు. పాతిక, ముప్పై కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు తీరమూ అంటార్కిటికా ఒకే నేల. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అవి విడిపోయినప్పుడు భూపటలం చీలికలుగా కుంగింది. కుంగిన పట్టీలను భూగర్భ శాస్త్రవేత్తలు గ్రాబెన్లంటారు, కుంగకుండా నిలిచిన గట్లను హార్స్ట్‌లంటారు. మన దగ్గర గుడివాడ గ్రాబెన్, బంటుమిల్లి గ్రాబెన్ ఉన్నాయి. రెంటి నడుమ కాజ-కైకలూరు హార్స్ట్. వీటన్నిటినీ కప్పేసిన అవక్షేపాల మందం కొన్నిచోట్ల 5 కిలోమీటర్ల పైమాటే. ఓఎన్‌జీసీ ఇక్కడ గ్యాస్ బావులు తవ్విందంటే ఆ పాత లోయల చలవే.

ఇక లావా కథ. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను పీఠభూమి పగుళ్లలోంచి పొంగిన లావా వెయ్యి కిలోమీటర్లు పారి నేటి రాజమహేంద్రవరం దగ్గర సముద్రంలో దిగింది. భూమ్మీద ఇంతకన్నా పొడవైన లావా ప్రవాహం లేదేమోనని 2008లో ఒక శాస్త్రవేత్తల బృందం ప్రకటించింది. కాతేరు, పంగిడి క్వారీల్లో ఆ నల్లరాతి పొరల మధ్య సముద్రపు గవ్వల శిలాజాలు దొరుకుతాయి. నన్ను మరీ ఆకట్టుకునేది ఆ లావా రెండో ప్రయాణం. మహాబలేశ్వరంలో పుట్టే కృష్ణ అదే దక్కను లావా రాతిని అరగదీసి మట్టిగా మోసుకొచ్చింది. దివిసీమ రైతు దమ్ము చేసే నల్ల ఒండ్రులో ఆ లావా ఉంది.

ఆ ఒండ్రు వయసు మాత్రం తక్కువ. సముద్రమట్టం దాదాపు నేటి స్థాయికొచ్చి నిలకడపడిన ఆరు, ఏడు వేల ఏళ్ల నుంచీ ఈ డెల్టా ముందుకు పెరిగింది. బోరు దింపుతుంటే పైకొచ్చే బురదలో గవ్వ ముక్కలు తగులుతాయి, నీళ్లు ఉప్పగా ఉంటాయి. నిన్నటి సముద్రం ఆ మట్టిలో ఇంకా చిక్కుకుని ఉంది. అందుకే ఇక్కడి ఊళ్లు కాలువ నీటితో నింపుకునే మంచినీళ్ల చెరువుల మీద బతికాయి.

ఎదురుగా ఉన్న సముద్రం

బంగాళాఖాతం ప్రపంచంలోకెల్లా పెద్ద అఖాతం, సుమారు 22 లక్షల చదరపు కిలోమీటర్లు. దాని అడుగున గంగా బ్రహ్మపుత్రలు ముఖ్యంగా, కృష్ణా గోదావరులు కొంత పరిచిన మట్టి విసనకర్ర 3,000 కిలోమీటర్ల పొడవు. సముద్రగర్భంలో అంత పెద్దది మరొకటి లేదు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకాల నౌక కృష్ణా-గోదావరి తీరానికి ఎదురుగా, వెయ్యి మీటర్ల నీటి కింద తవ్వితే సుమారు 130 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ పొర బయటపడింది. మంచులా కనిపిస్తుంది, అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. ఒక ఘనమీటరులో 160 ఘనమీటర్ల పైగా మీథేన్ ఇమిడి ఉంటుంది. ప్రపంచంలో దొరికిన గొప్ప నిక్షేపాల్లో అదొకటి. ఇంకా దక్షిణంగా, శ్రీలంక దిగువన, గురుత్వాకర్షణ తక్కువగా ఉండటంతో సముద్రపు ఉపరితలం లెక్కకన్నా వంద మీటర్లకు పైగా లోతుకు వంగి ఉంది. భూమ్మీద అంతటి వంపు ఇంకెక్కడా లేదు.

ఈ సముద్రం గురించి ఇక్కడివాళ్లకు చెప్పాల్సిన రికార్డు మాత్రం వేరు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో బందరు పరిసరాల్లో 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మందికి పైగా. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. తుపాను తీరం దాటింది చీరాల వైపు, చచ్చింది దివిసీమ. ఎందుకంటే మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. తుపాను కదిలే దిశకు కుడివైపున ఉన్న తీరం మీదికి గాలి సముద్రాన్ని తోస్తుంది. తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి తోసిన నీరు వెనక్కి జారే దారిలేక పైకి లేస్తుంది. ఆ రోజు అది అయిదారు మీటర్లు లేచింది. తుపాను ఎక్కడ తీరం దాటుతుందని అడిగితే చాలదు, మనం దానికి కుడివైపున ఉన్నామా అని అడగాలి.

పెరిగిన నేల, తరుగుతున్న నేల

రెండో శతాబ్దంలో టాలమీ రాసిన రేవు కంటకస్సిల నేటి ఘంటసాలేనని పండితులు గుర్తించారు. ఇప్పుడక్కడి నుంచి సముద్రం చూడాలంటే చాలా దూరం వెళ్లాలి. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతుండటంతో హంసలదీవికి చేరే మట్టి బాగా తగ్గింది. కృష్ణ సముద్రంలో కలిసేచోట, నాచుగుంట వైపు, తీరం కోసుకుపోతోంది.