ముద్రాక్షరము మొదలు సెల్‌ఫోను వరకు



"గుడిలో సెల్‌ఫోను తీసి వాక్యము చదవడము తప్పా?" అని కొందరు పెద్దలు అడుగుతున్నారు. "యూట్యూబులో ఆరాధన చూస్తున్నాము గదా, గుడికి రాకపోతే ఏమి?" అని కొందరు పడుచువారు అడుగుతున్నారు. ఈ రెండు ప్రశ్నలు ఒకటిగా కనిపించినా ఒకటి కావు. మొదటిది సాధనమును గూర్చినది, రెండవది సహవాసమును గూర్చినది. ఈ భేదము తెలుసుకుంటే మన ఇండ్లలో అనేక వాదములు సద్దుమణుగుతాయి.

సాధనములు లేని కాలము సంఘమునకు ఎన్నడూ లేదు. పౌలు తాను వెళ్ళలేని చోటికి పత్రిక పంపాడు. కొలొస్సయిలో చదివిన పత్రికను లవొదికయ సంఘములో కూడా చదివించమని కోరాడు (కొలొస్సయి 4:16). ఆ దినాలలో సిరా, కలము, ఓడ ప్రయాణము, ఇవే దూరముననున్న సేవకుని మాటను విశ్వాసుల చెవిని వేసిన సాధనములు.

1455 ప్రాంతములో జర్మనీలోని మైన్‌జ్ పట్టణములో గూటెన్‌బర్గు లాటిను బైబిలును అచ్చువేశాడు. అంతవరకు ఒక్కొక్క ప్రతిని చేతితో వ్రాయవలసినదే. మన తెలుగువారికి ఆ మేలు చేరడానికి మరి మూడున్నర శతాబ్దములు పట్టింది. బెంగాలులోని శ్రీరాంపూరులో విలియం కేరీ, ఆయన జతపనివారు మన దేశ భాషలలో లేఖనములను అచ్చువేస్తూ ఉండగా, 1812 మార్చిలో ఆ ముద్రణాలయము అగ్నికి ఆహుతియైంది. కాగితములు, వ్రాతప్రతులు, అనేక భాషల అక్షరములు నశించాయి. అయినను వారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. కరిగిన సీసమును ఏరి తిరిగి అక్షరములు పోతపోశారు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడనుండి వెలువడింది. 1854 నాటికి సంపూర్ణ బైబిలు తెలుగులో వచ్చింది. ఈ రోజు మన ఇంటి గూటిలో ఉన్న బైబిలు వెనుక ఇంత ప్రయాస ఉన్నది.

గనుక క్రొత్త సాధనమును చూచి భయపడనవసరము లేదు. చదువురాని అవ్వకు, చూపు తగ్గిన తాతకు సెల్‌ఫోను వాక్యము చదివి వినిపిస్తున్నది. చిన్న అక్షరములు కనబడనివారు వాటిని పెద్దవి చేసుకొని చదువుకుంటున్నారు. కువైటులో పనిచేసే కోనసీమ బిడ్డ రాత్రివేళ తల్లితో కలిసి ఫోనులో ప్రార్థన చేసుకుంటున్నది. వీటినిబట్టి దేవుని స్తుతించుదాము.

అయితే ప్రతి సాధనము ఒక చేత్తో ఇస్తూ మరొక చేత్తో ఏదో ఒకటి తీసుకుపోతుంది. మైకు వచ్చాక వెనుక బల్లమీది వారికి కూడా ప్రసంగము వినబడుతున్నది. కాని గుడి పక్క ఇంటిలో పరీక్షకు చదువుకునే పిల్ల ఉండవచ్చు, నిద్రపట్టని రోగి ఉండవచ్చు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బయట లౌడుస్పీకరు వాడరాదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నాయి. చట్టము లేకపోయినా, పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞ మనకు ఉన్నది గదా! అలాగే, తెరమీద పాట చూపించే చోట పాటల పుస్తకము అవసరము ఉండదు. కరెంటు పోయినవేళ మాత్రము కంఠస్థముగా కీర్తన ఎత్తుకునే ముసలమ్మే ఆ ఆరాధనను నిలబెడుతుంది. ఆమె వెళ్ళిపోయాక ఎవరు ఎత్తుకుంటారు?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌను మొదలైనప్పుడు గుడి తలుపులు మూయవలసి వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగను విశ్వాసులు ఇండ్లలోనే ఆచరించారు. జూన్ 8నుండి గుడులు తెరవవచ్చునని కేంద్ర ప్రభుత్వము అనుమతించింది. ఆ దినాలలో సెల్‌ఫోనులో వాక్యము వినడము గొప్ప ఆదరణ. అది కాలువ తెగినప్పుడు వేసుకున్న తాటిపట్టె వంటిది. వంతెన తిరిగి కట్టిన తరువాత కూడా తాటిపట్టె మీదనే నడుస్తామనడము తగునా?

యోహాను మాటలను గమనించండి. వ్రాయవలసిన సంగతులు అనేకమున్నా, సిరాతో వ్రాయడముకంటె వచ్చి ఎదురెదురుగా మాట్లాడితేనే సంతోషము సంపూర్ణమవుతుందని ఆయన తలంచాడు (2 యోహాను 12). ఆయన పత్రికను తృణీకరించలేదు, పత్రిక వ్రాశాడు. కాని పత్రికతో తృప్తిపడలేదు. మనకు కావలసిన కొలత ఇదే.

తెరమీద కనబడే బోధకుడు వాక్చాతుర్యము గలవాడే కావచ్చు. మన ఊరి పాదిరిగారు అంత చక్కగా మాట్లాడలేకపోవచ్చు. కాని జ్వరముతో పడి ఉన్నప్పుడు మంచము పక్కన మోకరించేది ఎవరు? మన తండ్రిని సమాధి చేసిన దినమున వర్షములో నిలబడినది ఎవరు? తెరమీది బోధకునికి మన పేరు తెలియదు. మనము గుడికి రాని ఆదివారము మన చోటు ఖాళీగా ఉన్నదని ఆయనకు తెలియదు. ఆ ఖాళీని చూచేది పక్కన కూర్చునే విధవరాలు. ఆమెకు ప్రసంగము ఎంత అవసరమో, పలకరించే మనిషి కూడా అంతే అవసరము. ప్రభురాత్రి భోజనమును ఆయన ఒక బల్ల చుట్టూ కూడినవారికి ఇచ్చాడు.

కుటుంబములకు మా మనవి ఇది. రాత్రి కుటుంబ ప్రార్థన సమయములో ఫోనులన్నీ ఒక పళ్ళెములో పెట్టి, ఇంట్లో ఒక్క అచ్చు బైబిలునైనా తెరిచి, పిల్లలచేత వంతులవారీగా చదివించండి. నెలకొక కీర్తన చూడకుండా పాడడము నేర్పండి. కానుక ఫోనులో పంపినా దేవుడు అంగీకరిస్తాడు. అయినను పిల్లవాని చేతిలో ఒక నాణెము పెట్టి, గుప్పెడు బియ్యము తీసిపెట్టే వాడుక వానికి చూపించండి. ఇవ్వడము కంటితో చూడని బిడ్డకు ఇచ్చే గుణము ఎలా అబ్బుతుంది? అద్భుతమని, స్వస్థతయని చెప్పి డబ్బు అడిగే వీడియో వస్తే, నలుగురికి పంపకముందు మీ సంఘ కాపరిని అడగండి. రోగికి ఫోనులో ప్రార్థన పంపినవారు వీలైన దినమున ఆ గడప కూడా తొక్కండి.

కరిగిన సీసమును ఏరుకొని తిరిగి అక్షరములు పోసిన ఆ సేవకులు సీసమును ప్రేమించలేదు, వాక్యమును ప్రేమించారు. మన చేతిలోని సాధనము రేపు మారిపోతుంది. దానిద్వారా మనము వాక్యమునకును, పొరుగువానికిని దగ్గరవుతున్నామా, దూరమవుతున్నామా? ఈ ఆదివారము గుడికి బయలుదేరేముందు ప్రతి ఇంటిలో ఈ ఒక్క ప్రశ్న వేసుకుందాము.